ఇరవై ఆరో తారీఖున స్విచ్చు వేయకండి

తార్నాక,
24 ఏప్రిల్ 1999, శనివారం

విశ్వవిద్యాలయ ఎస్టేట్ ఆఫీసరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమరు సీలు వేసిన నా టైపింగ్ సెంటరులోని కంప్యూటరును 26వ తేదీన ఆన్ చేయకుండుట గురించి, 27న చేసినచో నాకెట్టి అభ్యంతరమును లేదనుట గురించి, అత్యవసరము.

క్యాంపస్ నుంచి తార్నాక పోయే దారిలో, విశ్వవిద్యాలయం వారి షాపుల వరుసలో, పరిశోధక విద్యార్థుల థీసిస్‌లు టైపు చేసి ఇచ్చే సెంటరు నడుపుకొనుచున్న ప్రేమ్ కుమార్ అనే నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా (టైపు చేయవలసిన అర్జీని చేత్తో రాసినందుకు మన్నించగలరు, టైపు చేసే యంత్రం తమ సీలు వెనకాల ఉన్నది):

1. మా సెంటరు నుంచి తీసుకుపోయిన ఫ్లాపీలో వైరస్ ఉన్నదని ఒక శాఖ వారు ఈ నెల మొదట్లో తమకు ఫిర్యాదు చేసి యున్నారు. వైరస్ అనగా ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రంలోకి ఫ్లాపీ మీద ఎక్కిపోయి, చెప్పాపెట్టకుండా లోపల కూర్చునే చెడ్డ ప్రోగ్రాము. అది ఇంకెవరికీ పాకకూడదని తమరు నా సెంటరుకు సీలు వేయించినారు. అందులో తప్పున్నదని నేను అనను. ఒక్క మాట ముందుగా చెప్పకపోవడం మాత్రం తప్పే.

2. నా కంప్యూటరు బాగోగులు చూసేందుకు పార్థసారథి గారితో సంవత్సరపు కాంట్రాక్టు కుదుర్చుకొని యున్నాను. తార్నాక నుంచి నల్లకుంట దాకా డాక్టర్ల క్లినిక్కులు, జిరాక్సు షాపులు, నాలాంటి చిన్నవాళ్ల యంత్రాలన్నిటికీ ఆయనే దిక్కు. వైరస్‌ను తుడిచే సీడీ పట్టుకొని ఆయన స్కూటరు మీద వచ్చేసరికి తలుపు మీద లక్క ముద్ర కనబడింది. ఆ శాఖకు పోయి, ఫ్లాపీని పరీక్షించి, తిరిగొచ్చి నన్ను పక్కకు పిలిచారు.

"ప్రేమ్ కుమార్ గారూ, ఇది మామూలు రకం కాదండీ. ఏడాదంతా కిమ్మనకుండా పడుంటుంది. ఏప్రిల్ ఇరవై ఆరున మిషను ఆన్ చేశామా, లోపలున్నదంతా ఊడ్చేస్తుంది. ఆ తర్వాత మిషను లేస్తుందో లేదో కూడా చెప్పలేమండీ."

"మరి ఇరవై ఏడున చేస్తే?"

"ఏమీ కాదండీ. ఆ ఒక్కరోజే దాని గోల. అసలు నన్నొక గంట లోపలికి పోనిస్తే ఇప్పుడే తీసి పారేస్తాను."

3. ఆ సాయంత్రమే తమ ఆఫీసు నుంచి నాకు కాగితం అందినది. 26వ తేదీ సోమవారం ఉదయం కమిటీ సమక్షంలో సీలు విప్పి, కంప్యూటరును ఆన్ చేసి పరీక్షించెదరని అందులో ఉన్నది. సంవత్సరంలో ఉన్న రోజులన్నీ పోయి తమకు ఆ రోజే దొరికిందా సారూ! తమ దగ్గరికి పరుగెత్తుకొచ్చి మొత్తుకుంటే తమరు సెలవిచ్చినది నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నది. "చూడవయ్యా, సోమవారం ఏకాదశి, మంచిరోజు. కమిటీలో అందరికీ వీలైన రోజు అదొక్కటే. నీ వైరస్ కోసం ముహూర్తం మార్చమంటావా?" నేను చర్చికి పోయేవాడినే గాని ఏకాదశిని ఎన్నడూ ఒక్క మాట అన్నవాడిని కాను. నా గొడవ ఏకాదశితో కాదు, స్విచ్చుతో.

4. ఆ యంత్రంలో నా భార్య నవనీత పీహెచ్‌డీ థీసిస్ ఉన్నది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలోని ఆడవాళ్ల బతుకుల మీద ఇంటింటికీ తిరిగి రాసింది. పగలంతా ఊరందరి థీసిస్‌లు టైపు చేసి, గిరాకీ లేనప్పుడు తనది కొట్టుకునేది. పాప పుట్టినందున గడువు ఒకసారి పొడిగించి యున్నారు. ఇక పొడిగించరట. ఈ నెల 30న థీసిస్ ఇవ్వకపోతే ఆమె రిజిస్ట్రేషను రద్దయిపోతుంది.

చేతిరాత ప్రతి ఉంటుంది గదా అని తమరు అడిగినారు. ఉన్నది. కాని గైడు గారి దిద్దుబాట్ల తరువాత చివరి రెండు అధ్యాయాలూ మొదటి నుంచి మార్చి, నేరుగా యంత్రం మీదే రాసింది. ఆ రెండింటికీ కాగితం లేదు.

5. ఫ్లాపీలో ఇంకో కాపీ పెట్టుకోవద్దా అని కూడా అడిగినారు. పెట్టుకున్నాం సారూ. తన పేరు రాసి సొరుగులో భద్రంగా పెట్టుకున్నది. సీలు వేసిన రోజు తమ సిబ్బంది దాన్ని నమూనా కింద తీసుకుపోయినారు. ఆ ఒక్కటైనా ఇప్పించండని తమ ఆఫీసుకు పోగా అటెండరు ఎంకన్న ఫైలు తెచ్చి నా ముందర పెట్టినాడు. ఫైల్లో కాగితాల నడుమ మా ఫ్లాపీ ఉన్నది. దానికి నడిమధ్యన రంధ్రం చేసి, ఎర్ర ట్యాగు గుచ్చి, కాగితాలతో కలిపి ముడేసి యున్నది.

"ఏంది ఎంకన్నా గిది!" అన్నాను.

"ఫైల్ల ఉన్నదానికి ట్యాగు ఉండాలె సార్. ఊసిపోతే నన్నే అడుగుతరు. దబ్బనం దిగలె. స్టవ్ మీద ఎర్రగ కాల్చి దించిన. మస్తు తిప్పలైంది."

వాడు నా మంచికే చేశానన్నట్టు చూస్తుంటే నేనేమని తిట్టను? రంధ్రం పడిన ఫ్లాపీ ఇక దేనికీ పనికిరాదు. కనుక నా భార్య చదువంతా ఇప్పుడు ఆ సీలు వెనక ఉన్న ఒక్క యంత్రంలోనే ఉన్నది. దాని మీదనే ఎల్లుండి తమ కమిటీ వారు స్విచ్చు వేయబోతున్నారు.

6. సీలు పగలగొట్టి లోపలికి పోదామని నాకు బుద్ధి పుట్టలేదని అబద్ధమాడను. సుత్తి కూడా పట్టుకుపోయినాను. నవనీత వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకున్నది. "సీలు పగలగొడితె కేసైతది. కేసైనంక నా థీసిస్ ఎవరు ముట్టుకుంటరు? పోయి అర్జీ రాయి" అన్నది. అందుచేత రాస్తున్నాను. చేత్తో రాసే అలవాటు పోయింది సారూ, అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోవద్దు.

7. కావున ప్రార్థించుకొనునది: (అ) పార్థసారథి గారిని తమ సమక్షంలోనే ఒక గంట లోపలికి పోనివ్వవలెను, లేదా (ఆ) పరీక్షను మంగళవారానికి మార్చవలెను, అదీ కాదంటే (ఇ) సోమవారం సీలు విప్పుకోండి, కొబ్బరికాయ కొట్టుకోండి, ఫొటో దిగండి, స్విచ్చు ఒక్కటి వేయకండి. కరెంటు పోయిందని కమిటీ వారికి చెప్పండి, తార్నాకలో ఎవ్వరూ కాదనరు.

రేపు ఆదివారం గనుక ఈ అర్జీని తమ క్వార్టరు గేటు దగ్గరే అందజేయుచున్నాను. కోపం వచ్చినా సరే, చివరి దాకా చదివి చిత్తగించవలెను. తమ షాపు అద్దెదారుగా కాదు, ఒకామె మొగుడిగా అడుగుతున్నాను.

ఇట్లు,
ఇప్పటికింకా తమ విధేయుడే అయిన
ప్రేమ్ కుమార్

తా.క.: సారూ, ఇది రాయవద్దనుకున్నాను. మా సెంటరులోని తెలుగు అక్షరాల ప్రోగ్రామును తమ పీఏ గారు పోయిన నెల ఫ్లాపీలో పట్టుకుపోయి తమ గదిలోని కంప్యూటరులో ఎక్కించుకున్నారు. అదే వైరస్ తమ దాంట్లోనూ తప్పక ఉంటుందని పార్థసారథి గారు అంటున్నారు. మా నుంచి మీకొచ్చిందో, మీ నుంచి మాకొచ్చిందో ఇప్పుడు తేలదు. సోమవారం పొద్దున కుర్చీలో కూర్చోగానే తమరు ఆన్ చేసేది ముందు దాన్నే.

చేసుకోనీ, అప్పుడు తెలిసొస్తదనుకున్నాను. నవనీత అర్జీ అంతా చదివి, "గా సంగతి రాయలేదేంది?" అని అడిగింది.

"ఎందుకు రాయాలె? మనది పోతె ఆయనది గూడ పోనీ."

"ఆయనదేం పోతది? యూనివర్సిటీ క్వార్టర్ల కోసం ఎదురుసూసేటోళ్ల పేర్లన్నీ గా మిషన్లనే ఉన్నయి. అండ్ల ఎంకన్న పేరు గూడ ఉన్నది. నా ఫ్లాపీకి బొక్క పెట్టినోడే, ఐతేంది? పెండ్లాం పిల్లలతోని మౌలాలిల రేకుల షెడ్డుల ఉంటున్నడు."

అందుకని రాస్తున్నాను. మా యంత్రం సంగతి తమ ఇష్టం. తమ గదిలోని దాన్ని మాత్రం సోమవారం ముట్టుకోకండి.