మొదటి చెంచా

మార్చి 7, 2009. పార్సిప్పనీ

తెలుగు సంఘం సావనీర్‌కి తాతగారి జీవితం రాసిస్తానని ఒప్పుకున్నాను. రెండు పేజీలు. రిటైరయ్యాక మొదటిసారి డెడ్‌లైన్ దొరికింది. హాయిగా ఉంది.

మార్చి 9

తాత రామమోహనరావు 1931లో బెజవాడలో టానిక్ కంపెనీ పెట్టారు. రెండు గంగాళాలు, ఒక త్రాసు, ఇద్దరు పనివాళ్లు. జనమంతా సీమ మందుల మోజులో ఉన్న కాలం. నీ కషాయం ఎవడు నమ్ముతాడయ్యా అని షాపువాళ్లు నవ్వారట. ఆయన అక్కడే మూత తీసి, ఒక చెంచా తాగి, గంటసేపు వాళ్ల బల్ల మీదే కూర్చున్నారట. దాంతో షాపువాళ్లు డజను సీసాలు తీసుకున్నారు.

అప్పట్నుంచి ప్రతి బ్యాచ్‌లో మొదటి చెంచా ఆయనదే. ఆయన నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. తేదీ, బ్యాచ్ నంబర్, పక్కన "తాగాను. బాగున్నాను." పేజీలకు పేజీలు అదే.

మార్చి 10

ఒక్కచోట చేతిరాత మారింది. "ఆయనకు జ్వరం. నేను తాగాను. బాగున్నాను. జానకీదేవి." మా నానమ్మ! నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. నా భార్య లక్ష్మికి చదివి వినిపించాను. ఊఁ అంది, అంతే.

మార్చి 14

ఇండియన్ స్టోర్‌లో శొంఠి, పిప్పళ్లు, వాము, బెల్లం కొన్నాను. నోట్‌బుక్ చివర ఉన్న కొలతల ప్రకారం కాచాను. ఇల్లంతా ఒకటే ఘాటు. లక్ష్మి తుమ్ముతూ కిటికీలన్నీ తెరిచింది. వడగట్టి సీసాలో పోశాక, ఏదీ తాగి చూపించండి అంది. బీపీ టాబ్లెట్లతో ఇంటరాక్షన్ చెక్ చేయాలన్నాను.

మార్చి 15

చెక్ చేశాను. ఏమీ దొరకలేదు.

మార్చి 16

ముప్ఫై రెండేళ్లు మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేశాను. వేల బ్యాచ్‌లకు సంతకం పెట్టాను. ఒక్క చెంచా తాగిన పాపాన పోలేదు. మెషీన్లున్నాయి, అవసరం రాలేదు. నిజమే. కానీ ఆర్టికల్ చివరి పేరా దగ్గర చేయి ఆడటం లేదు. తాగకుండా ఆయన గురించి రాయాలంటే సిగ్గుగా ఉంది.

మార్చి 17

రేపే ఆర్టికల్ ఇవ్వాలి. సావనీర్ ఎడిటర్ పద్మనాభం రెండుసార్లు ఫోన్ చేశాడు. సీసా ఫ్రిజ్‌లోనే ఉంది. చెప్పేవి శ్రీరంగనీతులు అని లక్ష్మి దెప్పింది. పొద్దున్నే తాగేస్తాను.

మార్చి 18, ఉదయం 7.00

చెంచాలో పోశాను. రంగు చూశాను. వాసన చూశాను. స్టవ్ పక్కన పెట్టి వాకింగ్‌కి వెళ్తున్నాను. వచ్చాక తాగుతాను.

మార్చి 18, ఉదయం 7.40

ఈయన వాకింగ్‌కి వెళ్లారు. నేను తాగాను. బాగున్నాను. బెల్లం ఎక్కువైంది. లక్ష్మి.