మోతి కాలి కట్టు

గోదావరిఖని,
22 మార్చి 2006.

సదయ్య అన్నకు యేసుదానం వందనాలు. ఇక్కడ నేను, నీ మరదలు ఎలిజబెత్ ఉన్నంతలో బాగున్నాం. శ్రీరాంపూర్‌లో నువ్వు, మల్లక్క వదిన క్షేమంగా ఉండాలని ప్రార్థనలో తలుచుకుంటూనే ఉన్నాం. కవరు మీద నా రాత చూసి చింపబోతావని తెలుసు. ఆగు. ఇది నా సంగతి కాదు, నీ కుక్కపిల్ల మోతి సంగతి.

మీరు సామాను లారీకెక్కించిన రోజు మోతి కనబడక వదిన కాలనీ అంతా తిరిగింది కదా. అది మా మంచం కింద నిద్రపోతోంది. సాయంత్రం లేచి మీ ఖాళీ క్వార్టరు ముందు కూర్చుంది. కబురు పెడదామంటే మన మధ్య మాటలు లేవు. గనికప్పు కూలి నీ కాలు విరిగాక, ఆ కప్పు కింద ఆసరా దుంగ నిలబెట్టింది నువ్వేనని ఎంక్వైరీలో నేను చెప్పాను. తలకు కూడా దెబ్బ తగిలి నీకు ఆ పూటది ఏదీ గుర్తు లేదు. నాకు గుర్తు లేకున్నా నువ్వు గట్ల చెప్పకపోవాల్సింది తమ్మీ అని ఒక్క మాటన్నావు. తర్వాత నిన్ను ఆ పని నుంచి తీసేసి శ్రీరాంపూర్ పంపారు.

నువ్వు పిండికట్టుతో ఇంట్లో ఉన్నన్ని రోజులు మోతి నీ ఒడిలోనే పెరిగింది. మా ఇంట్లో తిన్నా, రోజూ షిఫ్టు దిగేవేళకు మలుపు దగ్గర నీ కోసమే కూర్చునేది. పోయిన గురువారం ఎవరో కుంటుతూ వస్తుంటే నువ్వే అనుకుని ఉరికింది. జీపు చక్రం వెనక కాలి మీదుగా పోయింది.

ఆ రోజు పశువుల డాక్టరు ఊళ్లో లేడు. నేనే వెదురు బద్దలు పెట్టి కట్టాను. ఇరవై రెండేళ్లు దుంగలు నిలబెట్టిన చేతులు కదా, ఎంత బిగిస్తే అంత మంచిదనుకున్నాను. కట్టు కొరుకుతుంటే తిట్టి మూతికి గుడ్డ చుట్టాను. ఐదో రోజు విప్పితే వేళ్లు చల్లబడి నల్లగా ఉన్నాయి. అప్పుడు డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోయాను.

డాక్టరు చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తాను. చిన్న కుక్కకు బొక్క జల్ది అతుకుతదట. ఎముక లోపల స్టీలు చువ్వ దించవచ్చు, పలక పెట్టి మరలు బిగించవచ్చు, లేకుంటే బయటి నుంచి చువ్వలు గుచ్చి కడ్డీకి కలపవచ్చు. కీలు దగ్గర ఎముక ఇంకా పెరిగే చోటైతే సన్న తీగలే వాడతారట, పలక పడితే కాలు పొట్టిదైపోతుందట. మొదటి రోజే కరీంనగర్ పశువుల దవాఖానకు తీసుకుపోతే నెలన్నరలో ఉరికేది. ఇప్పుడు నెత్తురు పారక కాలు చచ్చింది, తొడ దగ్గర తీసెయ్యాలె, మూడు కాళ్లతోని మంచిగనే బతుకుతది, ఫికర్ చెయ్యకున్రి అన్నాడు.

కాగితం మీద యజమాని సంతకం అడిగారు. నేను పెట్టలేకపోయాను. సదయ్యన్నను అడగక ఆయన కుక్క కాలు ఎట్ల తీయిస్తవ్ అని ఎలిజబెత్ కూడా అంది. ఒక్కసారి వచ్చిపో అన్నా. నన్ను పలకరించకున్నా సరే, దాన్ని పలకరించు.

ఇట్లు,
నీతో దుంగలు మోసిన
యేసుదానం

తా.క. 24వ తేదీ. పోస్టు డబ్బాలో వెయ్యడానికి ధైర్యం చాలక ఈ ఉత్తరం రెండు రోజులు జేబులోనే ఉంచుకున్నాను. చచ్చిన కాలి విషం ఒళ్లంతా పాకి మోతి ఇవాళ పొద్దున పోయింది. ఇక నీకు రాయడానికి నాకు సాకు లేదు. పైన ఒక అబద్ధం రాశాను. ఆ గురువారం డాక్టరు ఊళ్లోనే ఉన్నాడు. ఆ చువ్వలు, పలకల దారులన్నీ ఆ రోజే చెప్పాడు. నాకు కట్టడం నేర్పుతున్నవా అని నేనే మోతిని ఎత్తుకొచ్చాను. నా తప్పు ఇంకొకరి మీద పెట్టడం నాకు అలవాటైపోయింది. ఆ దుంగ నిలబెట్టింది నేను, అన్నా. షిఫ్టు అయిపోతోందని దుంగకూ కప్పుకూ మధ్య చెక్క సరిగ్గా బిగించలేదు. నీకేమీ గుర్తు లేదని తెలిశాక నీ పేరు చెప్పాను. ఈ మాటలే కాగితం మీద రాసి ఈ ఉదయం మేనేజరు ఆఫీసులో ఇచ్చాను. దాని నకలు ఈ కవర్లోనే ఉంది. వదినకు చదివి వినిపించు.