కొంగలు నిలబడ్డ ప్లాట్లు

మే 20, మంగళవారం
మహేశ్వరం రోడ్డు వెంచర్‌లో షూట్. రియల్ ఎస్టేట్ కంపెనీ పేజీకి రీల్స్ చేయడం, కెమెరా ముందు నవ్వడం, ఇదే నా ఉద్యోగం. ఎండ ఇంకా ముదరలేదు. విమానం నీడ ఒకటి హద్దురాళ్ల మీదుగా మెల్లగా జారిపోయింది. అది దాటిన చోట తెల్లకొంగలు నిలబడి ఉన్నాయి. చుట్టూ చుక్క నీరు లేదు. ఎవరో వస్తామని చెప్పిపోయినట్టు చూస్తున్నాయి. డైలాగ్ మరిచిపోయి వాటినే తీశాను.

మే 22, గురువారం
రీల్ వైరల్. కామెంట్ల నిండా కొంగలే. మా బాస్ శివశంకరన్న ఆ ఫేజ్‌కి వైట్ బర్డ్ అని పేరు కూడా పెట్టేశాడు. నా చెప్పు అడుగున నత్తగుల్ల ఒకటి ఇరుక్కుని వచ్చింది. కిటికీలో పెట్టాను. ఎండిన నేలలో నత్త ఏం చేస్తోంది?

మే 24, మధ్యాహ్నం
తిన్నాక కునుకు పట్టింది. కలలో ప్లాట్ల రాళ్లన్నీ నీళ్లలో ఉన్నాయి. చేపలు ఒక్కో రాయి దగ్గర ఆగి నంబర్లు చదువుకుంటున్నాయి. మెలకువ వచ్చేసరికి అది కుంట అని తెలిసిపోయింది. ఎవరూ చెప్పలేదు. కిటికీలో నత్తగుల్ల చెప్పింది.

మే 25, ఆదివారం
చర్చిలో ప్రేమమ్మ పెద్దమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. సొంతిల్లు కావాలని ఉపవాసం ఉండి ప్రార్థన చేసిందట. ఫోన్ తెరవగానే నా రీల్ వచ్చిందట. దేవుడు తెల్ల పక్షులను పంపి నాకు జాగ చూపిండు, అదీ మా చెల్లె బిడ్డతోని అని ఏడ్చింది. పంపింది అల్గారిదం పెద్దమ్మా అని ఎలా చెప్పను? కిరాయి ఇళ్లు మారి మారి ముసలిదైపోయిన మనిషి. చేతులకున్న బంగారు గాజులు అమ్మి, రేపు కాక వచ్చే సోమవారం అడ్వాన్స్ కడుతుందట. మేం బయటికి వచ్చేసరికే మహిళల గ్రూప్‌లో నా రీల్ తిరుగుతోంది. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను.

మే 26, సోమవారం
అది కుంట కదా అని శివశంకరన్నను అడిగేశాను. కుంట ఎప్పుడో ఎండిపోయె, ఇగ దాని ముచ్చట ఎందుకన్నాడు. మనం అబద్ధం ఏం చెప్పినం, కొంగలు ఉండె, చూపెట్టినం అన్నాడు. పరేషాన్ గాకు, మీ పెద్దమ్మకు డిస్కౌంట్ ఇప్పిస్త అని కూడా అన్నాడు. అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు దవాఖానలో మాకు తోడున్నది ఈయనే. చెడ్డవాడైతే నాకు ఇంత కష్టం ఉండేది కాదు.

మే 29
పక్కింటి ఆంటీ కూడా ఆ ప్లాట్ల గురించి అడిగితే నవ్వాను, ఉద్యోగంలో నేర్చుకున్న నవ్వు.

జూన్ 1, ఆదివారం
సాక్ష్యం ఎవరికైనా ఉందా అని పాస్టర్ గారు అడగ్గానే లేచాను. పక్షులను ఎవరు పంపారో నాకు తెలియదు, రీల్ పెట్టింది మాత్రం నేను అన్నాను. అది కుంట, వాన పడితే నీళ్లు నిలుస్తాయి అన్నాను. నత్తగుల్ల చూపించాను. ఎవరూ ఆమెన్ అనలేదు.

పెద్దమ్మ నా ముఖం చూడకుండా ఆటో ఎక్కింది. దేవుడు ఇచ్చిన దాన్ని నీ బిడ్డ గుంజుకుంటున్నది, రేపు కట్టుడు కట్టుడే అని అమ్మతో అందట. ఇంటికొచ్చి రీల్ డిలీట్ చేశాను. సాయంత్రానికి శివశంకరన్న నన్ను ఆఫీస్ గ్రూప్‌లోంచి తీసేశాడు. ఒక్క మాట తిట్టలేదు. ఏడుపొచ్చింది.

జూన్ 2
పెద్దమ్మ ఫోన్ ఎత్తడం లేదు.

జూన్ 12, గురువారం
వారం నుంచి వానలు. పెద్దమ్మ తనే వచ్చి, పా బిడ్డా, చూసొద్దాం అంది. హద్దురాళ్లు సగం దాకా మునిగి ఉన్నాయి. కొంగలు నీళ్లలో నిలబడి మా వైపు చూడనైనా లేదు. ఇవి నాకోసం రాలే కదా అని అడిగింది. లేదన్నాను. వాటి జాగకు అవి వచ్చినయి అంది. చెప్పులు విడిచి, అమ్మని బంగారు గాజుల చేతులతో చీర పైకెత్తి పట్టుకుని నీళ్లలోకి దిగింది.