వస్త అనకుండా పోయిన రోజు

సిరిసిల్ల,
14 జులై 2003, సోమవారం.

బావకు, రుక్కమ్మక్కకు మరదలు వనిత దండం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ పొయ్యి వెలుగుతున్నది, అత్తమ్మ మోకాళ్ళ నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి. అక్కడ మీరంతా చల్లగా ఉండాలి.

అన్నదమ్ములు బట్ట నేసే సాంచాలు పంచుకుని, మీ వంతు అమ్మేసి మీరు భివండి పోయినప్పటి నుంచి మన మధ్య మాటల్లేవు. ఇప్పుడు మా వంతు సాంచాలు కూడా ఆగాయి. సేటు నూలు పంపడం మానేశాడు. చప్పుడు లేకపోతే మీ తమ్ముడికి నిద్ర పట్టదు. అయినా పొద్దున్నే షెడ్డుకు పోయి, ఆగిన సాంచాలకే నూనె పెట్టి వస్తుంటాడు.

మొన్న శుక్రవారం చెప్పులేసుకుంటూ “పోత మరి” అన్నాడు. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న అత్తమ్మ, “వస్త అనాలె కొడుకా” అన్నది. ఆయన తిరిగి చూడలేదు.

మన దగ్గర గడప దాటేవాళ్ళు ‘వస్త’ అనే కదా పోతారు. కోరుట్లలో మా అమ్మయితే ‘పోత’ అన్నవాళ్ళను వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి పంపేది. “మర్లి రానోళ్ళే గట్లంటరు” అనేది. పెళ్ళయినప్పటి నుంచి మీ తమ్ముడి నోట ఆ మాట నేను వినలేదు. చేతికంటిన పిండి కడుక్కోకుండానే వెంటపడ్డాను.

బస్టాండులో దొరికాడు. కోరుట్ల పోయి మా అన్న లక్ష్మీరాజాన్ని పని అడుగుదామనుకున్నాడట. తీసుకొచ్చాను. ఇప్పుడు బాగానే ఉన్నాడు, తింటున్నాడు.

అత్తమ్మ మిమ్మల్ని ఒకటి అడగమన్నది. “సాంచాలు పంచుకున్నరు సరే, కష్టం పంచుకునేటోళ్ళెవ్వరు?” అని. ఆనాడు పంచుకోవడమంటే విడిపోవడం. అదే మాటతో ఆమె ఇప్పుడు మిమ్మల్ని కలవమంటున్నది. వీలు చూసుకుని ఒకసారి వచ్చి పోండి.

ఇట్లు,
మీ మరదలు
వనిత

తా.క.: పైన రాసినదంతా మీ తమ్ముడు చదివి “పంపు” అన్నాడు. ఇక్కడి నుంచి రాసేది ఆయన చూడలేదు. బావా, ఆయన దొరికింది బస్టాండులో కాదు, మానేరు వంతెన మీద. గోడెక్కి కూర్చున్నాడు, కాళ్ళు నీళ్ళ వైపు. పిలిస్తే ఉలిక్కిపడతాడని పిలవలేదు. మెల్లగా పోయి అంగీ పట్టుకున్నాను. “ఇడువు” అన్నాడు. నేను ఇడువలేదు. చాలాసేపటికి, “అన్న ఉంటే గిట్ల కాకపోవు” అని ఏడ్చాడు. వీలు చూసుకోకండి, ఇది అందిన రోజే బయలుదేరండి.

కవరు అంటించడానికి గోందు తెస్తానని ఆయన ఇప్పుడే దుకాణానికి లేచాడు. వంతెన సంగతి అత్తమ్మకు నేను చెప్పలేదు. అయినా ఉప్పు కావాలంటూ ఆమె వెంట నడిచింది. ఇంట్లో ఉప్పు జాడీ నిండుగా ఉన్నది.