కొండ వెన్ను మీద ఒక మాట

అన్నయ్యకు,

చెల్లి నమస్కారాలు. ఇక్కడ ఇంటిల్లిపాదీ కులాసా. అక్కడ నువ్వు వేళకు తింటున్నావనీ, హెల్మెట్ చంకలో కాకుండా నెత్తిన పెట్టుకుంటున్నావనీ నమ్ముతున్నాను. ఫోను చేస్తే నీ నోట "ఊ", "సరే" తప్ప మూడో మాట రాదు. అదే ఉత్తరమైతే రెండు పేజీలు నింపుతావు. అందుకే నేనూ కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన మర్నాడే ఇల్లంతా తిరిగి, మూలమూలలా ఇంత బూజుంటే ఎవరికీ కనబడలేదా అని నన్నూ వదిననూ కలిపి దులిపేసింది. ఇన్నాళ్ళూ మన ఇల్లు శుభ్రంగా ఉందనుకోవడం ఆవిడ కంటి పొర పుణ్యమే. ఆస్పత్రిలో పాత లిఫ్టు సంగతి నువ్వన్నట్టే అయింది. మూడో అంతస్తులో తలుపు బిగుసుకుంటోందని మోటారు దాకా విప్పి చూశాను. చివరికి తలుపు జారే గాడిలో ఎవరిదో కోటు బొత్తాం ఇరుక్కుని ఉంది. ముందు గాడి చూసుకోమని నువ్వు రాసిన ఉత్తరం ఆ మర్నాడు వచ్చింది. నవ్వుకో, ఏం చేస్తాం.

నా మోకాలికేం, గుండ్రాయిలా ఉంది. లిఫ్టు పాడైతేనే మనల్ని పిలుస్తారు కాబట్టి ఊళ్ళో అందరికన్నా ఎక్కువ మెట్లెక్కేది లిఫ్టు మెకానిక్కులేనని నాన్న అనేవాడు కదా. ఈ ఏడాది నేను బాగున్న లిఫ్టులు కూడా ఎక్కలేదు. పనిముట్ల సంచీ వీపున తగిలించుకుని అన్ని చోట్లా మెట్ల దారే పట్టాను. బ్యాంకు కాపలాదారు రెండు వారాలు చూసి ఉండబట్టలేక, "మీరు బాగుచేసిన లిఫ్టు మీరే ఎక్కట్లేదంటే, మేం ఎక్కొచ్చా అమ్మా?" అని అడిగాడు. అప్పటినుంచి ఆ ఒక్క భవనంలో పరువు కోసం అతని ఎదుట లిఫ్టెక్కుతున్నాను. రెండో అంతస్తులో దిగిపోయి వెనక మెట్ల దారిన మళ్ళీ పైకి పోతున్నాను.

ఇక నువ్వు రెండు ఉత్తరాలుగా అడుగుతున్న అసలు ప్రశ్న. మళ్ళీ ఆ కొండెందుకు, ఎప్పుడు బయల్దేరుతున్నావు, నీతో తాడు పట్టేదెవరు అని. ఎప్పుడో, ఎవరో కాసేపాగి చెబుతాను. ఎందుకో ముందు చెప్పనీ.

నువ్విప్పుడు కొత్త భవనాలకు లిఫ్టులు బిగిస్తున్న చోట కనుచూపు మేర అంతా చదునేనని రాశావు. అదృష్టవంతుడివి. ఇక్కడ మోటారు గది ఏ భవనానికైనా పైకప్పు మీదే ఉంటుంది, ప్రతి మోటారు గదికీ ఒక చిన్న కిటికీ ఉంటుంది, ఆ కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఆ కొండే ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా గ్రీజు చేతులతో దాన్ని చూస్తూనే ఉన్నాను. కొండెక్కుతామని వెళ్ళారు, వాళ్ళ ఉత్సాహమే కొండెక్కిందని వీధిలో వాళ్ళు వేళాకోళమాడితే నేనూ నవ్వేదాన్ని. వాళ్ళ మాటలకేం, రెండో చెవిలోంచి పోయాయి. పోనిది వేరే ఉంది.

తొమ్మిదేళ్ళ కిందటి ఆ రోజు నీకు గుర్తులేకపోదు. ఆకాశం నిర్మలంగా ఉంది. ఇద్దరం ఒకే తాడు కట్టుకుని కొండ వెన్ను మీదికొచ్చాం. రెండు పక్కలా లోయ, మధ్యలో మనిషి పట్టేంత దారి. నేను ముందు, నువ్వు వెనక. శిఖరం చెయ్యి చాస్తే అందేలా ఉంది. వెనకనుంచి "ఆపు" అన్నావు.

ఆ మాట ఇంకెవరు అన్నా వెనక్కి తిరిగి ఎందుకని అడిగేదాన్ని. కానీ అన్నది నువ్వు. షాఫ్టులో లిఫ్టు పెట్టె మీద నిలబడి నేను పనిచేస్తుంటే, బయట కాపు కాసి నువ్వు అనే మాట అది. ఆపు అంటే పని వదిలి బయటికి రావడమే. ఒకసారి ఎందుకని అడగబోయిన ఆ క్షణంలోనే కదా నాన్న తన రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. అప్పుడూ అడగొద్దు, తర్వాతా అడగొద్దు, సంజాయిషీ ఇచ్చుకోవాలంటే రేపు మనిషి ఆపు అనడానికి వెనకాడతాడు అని మనిద్దరికీ నూరిపోశాడు. అందుకని నేను అడగలేదు. తిరిగి దిగిపోయాను. నువ్వు బస్సులో చెప్పలేదు, ఇంటికొచ్చాక చెప్పలేదు, ఈ తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. నేను ఆ పూట చేతకాకుండా కనబడ్డానేమో, కాళ్ళు తడబడ్డాయేమో, నీకు నా మీద నమ్మకం పోయిందేమో అని ప్రతి కిటికీ దగ్గరా అనుకున్నాను. ఎలాగైనా ఆ వెన్ను దాటి చూడాలి. దాటగలనో లేదో నాకు నేను తేల్చుకోవాలి. కొండెందుకంటే అందుకు.

నువ్వు వెళ్ళాక బయట కాపు కాసే పని వదిన తీసుకుందని నీకు తెలుసు. ఎంత చక్కగా చేసిందో మాత్రం ఆవిడ రాసి ఉండదు. మొదట్లో గాలి వీచినా ఆపు అనేది. నేను ప్రతిసారీ నోరెత్తకుండా బయటికొచ్చేదాన్ని. ఒకసారి బయటికొచ్చి చూస్తే చేతిలో టీ కప్పు పెట్టింది. చల్లారిపోతుందని ఆపిందట! అప్పుడూ నేనేమీ అనలేదు. నా మొహం చూసి ఆవిడే ఆశ్చర్యపోయి, "ఎందుకు ఆపానో అడగవా?" అంది. అడగకూడదు, నాన్న పెట్టిన నియమం అన్నాను. "అడగొద్దన్నారు సరే. చెప్పొద్దని కూడా అన్నారా?" అంది.

చూశావా అన్నయ్యా. మనిద్దరం ఒకే ఇంట్లో పుట్టి, ఒకే షాఫ్టులో సగం జీవితం గడిపాం. ఈ ప్రశ్న మనకు తట్టలేదు. బయటినుంచి వచ్చిన మనిషికి నెల తిరక్కుండా తట్టింది.

ఇప్పుడు దాచిన సంగతి చెబుతాను. కోప్పడేదుంటే ఇద్దరి మీదా సమంగా కోప్పడు. మేం కొండకి వెళ్ళి మొన్ననే తిరిగొచ్చాం. తాడు పట్టింది వదినే. నీకు ముందే రాద్దామంటే ఆవిడే వద్దంది. మీ అన్నయ్య ఒక్క ముక్క 'ఆపు' అని రాస్తే నువ్వు బుద్ధిగా సంచీ విప్పేస్తావు, నాకు తెలీదా అంది. నిజమే, విప్పేసేదాన్ని. పోయిన వారం నువ్వు ఫోను చేసినప్పుడు వదిన కూరగాయలకి వెళ్ళిందని అమ్మ చెప్పింది చూడు, అప్పుడు మేం కొండ కింద బసలో ఉన్నాం. అమ్మ కూడా మా జట్టే.

వదిన కొండకి పనికిరాదనుకోకు. నాతో పాటు ఏడాదంతా ఆవిడా మెట్లెక్కింది, కాకపోతే నాకన్నా ఎక్కువ కబుర్లు చెబుతూ. ఊపిరి అందుతోందో లేదో ఆవిడ విషయంలో సులువుగా తెలిసిపోతుంది.

తెల్లవారాక వెన్ను మీదికొచ్చాం. ఈసారి వదిన ముందు, నేను వెనక. నాకు అస్సలు అనుమానం లేదు, దాటి తీరతాననే ఉన్నాను. సగం దాకా వెళ్ళాం. వదిన కాలు ఒక రాయి మీద కొంచెం జారింది. మరుక్షణం నిలదొక్కుకుంది, ఆవిడ దాన్ని లెక్కలోకి కూడా తీసుకోలేదు. నేను మాత్రం తాడు రెండు చేతులా బిగబట్టాను. ఎదురుగా ఆవిడ వీపు, అటూ ఇటూ ఏమీ లేదు, నా చేతిలో ఆ తాడొక్కటే ఉంది. ఆవిడకేమన్నా అయితే నీకేమని రాయను, ఇంటికెళ్ళి అమ్మకేం చెప్పను? "ఆపు" అన్న మాట పళ్ళ దాకా వచ్చేసింది.

అప్పుడు తెలిసింది అన్నయ్యా. ముందు నడిచేవాళ్ళకి శిఖరం కనబడుతుంది. వెనక ఉన్నవాళ్ళకి ముందున్న మనిషే కనబడుతుంది.

ఆ మాట అనేస్తే ఆవిడ అడగదు, నేను చెప్పను, ఇద్దరం దిగొచ్చేస్తాం. ఇక ఆవిడ కూడా ఏళ్ళ తరబడి తనలో ఏం లోపముందా అని వెతుక్కుంటుంది. అది నా వల్ల కాదు. పళ్ళ దాకా వచ్చినదాన్ని మింగేసి, "వదినా, నువ్వు బాగానే నడుస్తున్నావు. నాకే భయంగా ఉంది" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరగలేదు. "నాకూ భయంగానే ఉంది. నిలబడి భయపడితే చలేస్తుంది, నడుస్తూ భయపడదాం పద" అంది.

నడిచాం. వెన్ను దాటాం. ఆపైన రాళ్ళ గుట్ట పాకుతూ ఎక్కాం. ఒకచోట నాకు అలుపొస్తే నేనే చెప్పాను, కూర్చున్నాం, లేచాం. శిఖరం మీద గాలి తప్ప ఏమీ లేదు. అక్కడ కూర్చుని నేను బావురుమని ఏడ్చాను. సంతోషమో, తొమ్మిదేళ్ళ ఉక్రోషమో తెలియదు. వదిన నా వీపు రాస్తూనే మేం సంచీలో తెచ్చుకున్న ఉడకబెట్టిన గుడ్లు రెండూ తనే తినేసింది.

నువ్వెందుకు ఆపావని ఈ ఉత్తరంలో అడగడం లేదు. ఎప్పటికీ అడగను, నాన్న మాట జవదాటను. నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు. ఫోనులో "ఊ" అన్నా నాకు అర్థమవుతుంది. కానీ నావైపు సంగతి నేను చెప్పొచ్చు కదా. ఆ రోజు నేను అలిసిపోలేదు. నాకు భయమూ వెయ్యలేదు. వెనక నువ్వున్నావని ధీమాగా నడిచాను. నా వంతు భయం కూడా నువ్వొక్కడివే పడ్డావని మొన్నటి దాకా నాకు తెలియలేదు.

వచ్చే వేసవికి అక్కడ పని ముగుస్తుందన్నావు. రాగానే ఎక్కుదాం. ఇప్పటినుంచే మెట్లెక్కడం మొదలుపెట్టు, మీ లిఫ్టులు ఇంకా తయారు కాలేదు కాబట్టి నీకు వేరే దారీ లేదు. నీ బరువు నేను పట్టలేనంటావని తెలుసు. వదిన కూడా నాతో పాటే వెనక ఉంటుంది. నువ్వు ముందు నడువు, శిఖరం చూస్తూ నడువు. ఈసారి భయపడే వంతు నాది.

ఇట్లు,
వచ్చే వేసవిలో నీ వెనక నడవబోయే
నీ చెల్లెలు