నోరు జారిన ఖరీదు

ప్రియమైన పళ్ల డాక్టరు గారికి,

ఇరవై ఏళ్లు మిమ్మల్ని ‘మీరు’ అన్నాను. ఇకనుంచి నువ్వే.

మన అమ్మాయి పిచ్చుక నా కుట్టుషాపుకి రావడం మానేసింది. ఏమయిందే అని ఫోన్ చేస్తే, “ఆ బట్టల వ్యాపారి కోసమే నాన్నని వదిలేశావటగా!” అంది. కన్నకూతురు అన్న మాట.

విడిపోయిన రోజు ఏం రాసుకున్నాం? కారణం పిల్లకి ఇద్దరిలో ఎవరూ చెప్పకూడదు, నోరు జారినవాళ్లు ఇంట్లో తమ సగం వాటా రెండోవాళ్లకి వదులుకోవాలి అని. నీ క్లినిక్ నర్సు సంగతి బయటపడుతుందని ఆ షరతు పెట్టించింది నువ్వే. నిజమే చెప్పకూడదని రాసుకుంటే, నువ్వు అబద్ధం చెప్పావు. పెట్టే బేడా సర్దుకో.

నీ చేతిలో మోసపోయిన,
ఒకప్పటి భార్య

*

ప్రియమైన దర్జీ గారికి,

నీ కోపం ఎప్పుడూ ముక్కు మీదే. పిల్ల గుచ్చి గుచ్చి అడిగితే ఏదో ఒకటి చెప్పాలిగా! మొగుడూ పెళ్లాలు వంటింట్లో కూర్చుని రాసుకున్న కాగితం కోర్టులో చెల్లుతుందా? మా లాయరు పడీపడీ నవ్వాడు.

కావాలంటే నువ్వూ నర్సు కథ చెప్పుకో. చెప్పావంటే నువ్వూ మాట తప్పినట్టే. అప్పుడు చూద్దాం ఇల్లెవరిదో.

క్షేమం కోరే,
డాక్టరు

*

ప్రియమైన తెలివిమంతుడా,

నేను నోరు విప్పను. కోర్టులో కలుద్దాం. మీ లాయరుని ఈలోపే నవ్వుకోమను.

ఉంటాను.

*

ప్రియమైన నీకు,

కాగితం చెల్లుతుందని తేల్చి, జడ్జి గారు నన్ను ఒక్కటే అడిగారు: “అమ్మాయికి చెప్పారా, లేదా?” అవునన్నాను. అంతే, ఏడాది కేసు అక్కడే తేలిపోయింది.

గెలిచావు, ఒప్పుకుంటున్నాను. కానీ క్లినిక్ ఆ ఇంటి ముందుగదిలోనే ఉందని నీకు తెలుసు. ఈ వయసులో కుర్చీ, సామాను నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోను? ఆ ఒక్క గదీ అద్దెకివ్వు. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను.

నీ దయకోసం ఎదురుచూస్తూ,
పిచ్చుక నాన్న

*

ప్రియమైన ఓడిపోయినవాడికి,

నీకు ఆ గది ఇవ్వలేదు. నిన్న నీ కుర్చీని నలుగురు మోసుకుపోతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. కడుపు చల్లబడింది.

కేసు తేలింది, ఇక ఆ కాగితంతో పనిలేదని తీర్పు వచ్చిన సాయంత్రమే పిల్లని పిలిచి నర్సు సంగతి చెప్పేశాను. ఏడ్చి నా మెడ వాటేసుకుంటుందనుకున్నాను. అది ఏడవలేదు.

“ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?”

“చెబితే ఇల్లు పోయేదే.”

“అంటే ఏడాదిపాటు నేను నిన్ను అసహ్యించుకున్నా నీకు ఫర్వాలేకపోయింది. ఇల్లు దక్కితే చాలు.”

అచ్చం మీ నాన్నలాగే మాట్లాడుతున్నావని కసిరాను. “మీ ఇద్దరికీ పుట్టాక ఇంకెలా మాట్లాడతాను?” అని వెళ్లిపోయింది. ఆ రాత్రే హాస్టల్లో బట్టలు సర్దుకుని ఎటో పోయిందట. ఫోన్ ఎత్తడం లేదు. స్నేహితురాళ్లు తెలియదంటున్నారు.

ఇల్లు తిరిగిస్తానని ఆశపడకు. నీమీద కసి పిసరంత కూడా తగ్గలేదు. కానీ పిల్ల ఎక్కడుందో నీకు తెలిస్తే ఒక్క ముక్క రాయి. అడ్రసు చాలు, ఇంకేమీ రాయకు.

ఇట్లు,
పిల్ల తల్లి