గయ్యాళి గుట్ట

ఫిబ్రవరి 3
సర్వే వాళ్ళ దగ్గర పనికి కుదిరా. కట్టబోయే రిజర్వాయర్ చుట్టుపక్కల మెరకంతా మ్యాప్ గీస్తారట. నా పని అంకెల కర్ర పట్టుకుని కదలకుండా నిలబడటం. కదలకుండా! నేను! చెబితే మా ఆవిడ మంచం మీద దగ్గుతూ దగ్గుతూ నవ్వింది.

ఫిబ్రవరి 6
సర్వేయర్ ప్రతి మిట్టకీ పేరడుగుతాడు. గాలి తప్ప ఏమీ లేని చోట పేర్లెవడు పెట్టాడు? లేవంటే మొహం వేలాడేశాడు. జాలేసి, మా బావమరిదిని తలుచుకుని, తిండిపోతు మిట్ట అన్నా. గడ్డిపరక మొలవని ఇంకోదాన్ని బట్టతల దిబ్బ అన్నా. సీరియస్‌గా రాసుకున్నాడు పాపం.

ఫిబ్రవరి 9
లేచి కూర్చోలేకపోయినా, ఈ పేర్లు వింటే మా ఆవిడ మొహం విచ్చుకుంటోంది. మరి నా పేరేదీ అని మూతి తిప్పింది. అన్నిటికంటే ఎత్తైంది నీకే అట్టేపెట్టా, గయ్యాళి గుట్ట, అన్నా. గ్లాసు విసిరింది. తగల్లేదు. ఇదివరకు గురి తప్పేది కాదు.

ఫిబ్రవరి 15
ప్రతి పేరుకీ ఇక్కడివాళ్ళు ఇద్దరు సంతకం చెయ్యాలట. తక్కినవాటికి నేనూ, టీకొట్టువాడూ చేశాం. గుట్ట కాగితం మాత్రం ఇంటికి తెచ్చి, రెండో సంతకం నువ్వే పెట్టమన్నా. గయ్యాళినని నేనే రాసివ్వాలా, సిగ్గులేని మనిషీ, అంది. పెన్ను తీసుకుంది. అది జారి మంచం మీద పడింది. రేపు పెడతాలే అంది.

ఫిబ్రవరి 16
పెట్టలేదు.

మార్చి 2
అది పోయాక ఇవాళే పనికెళ్ళా. కర్ర పట్టుకుని బొమ్మలా నిలబడ్డా. సర్వేయర్ మెచ్చుకున్నాడు.

మార్చి 5
తిండిపోతు మిట్ట సంగతి బావమరిది చెవిన పడింది. తిన్నగా సర్వేయర్ దగ్గరికెళ్ళి, ఇవన్నీ మా బావ కోతలు సార్, ఒక్కటీ నిజం కాదు, అని ఎగిరాడు. సర్వేయర్ ఎర్రపెన్ను తీసి వరసగా కొట్టేస్తున్నాడు. నేను నవ్వుతూనే ఉన్నా, ఆఖరున రెండో సంతకం లేని గుట్ట కాగితం వచ్చేదాకా. ఇదీ అబద్ధమేనా అనడిగాడు. కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టా.
బావమరిది కాగితం లాక్కున్నాడు. ఉన్నవి రెండే మాటలు, చాలాసేపు చదివాడు. ఇది మాత్రం నిజం సార్, మా చిన్నప్పట్నుంచీ ఇదే పేరు, కావాలంటే మా అక్కని అడ... అని ఆగిపోయాడు. సంతకం పెట్టాడు.
దార్లో విడిపోయేటప్పుడు, ఎవడ్రా బావా తిండిపోతు, అన్నాడు.

ఆగస్టు 21
మ్యాప్ వచ్చింది. గయ్యాళి గుట్ట ఉంది. రిజర్వాయర్ నిండితే ఎలా ఉంటుందో గీశారు. గుట్ట చుట్టూ అంతా నీలం రంగే.
దానికి ఈత రాదు.